రేవులో వెలగని బల్బు

ఛార్జింగులో పెట్టి అదేపనిగా చూస్తుంటే ఫోను వేడెక్కి ఒకరకమైన వాసన వేస్తుంది. నిన్న సాయంత్రం మా అమ్మాయి ఒళ్ళో ఫోను అలాగే వాసన వేస్తుంటే, తీసి పక్కన పెట్టమని కసరబోయి ఆగిపోయాను. ఆ వాసన నన్ను కనకాలపేటలో మా పెంకుటింటి మూలకి, పాత బ్యాటరీ ముందుకి లాక్కుపోయింది.

వానాకాలంలో గోదావరి ఎర్రబడితే మా వీధికి సంబరమూ భయమూ కలిసే వచ్చేవి. పులస ఎదురీదే ఆ కొద్దివారాలూ మగవాళ్ళు వరదలోనే వేటకి పోయేవాళ్ళు. పడిన పులసని యానాం బజారుకి పంపేసి, బెండకాయా ఆవకాయ నూనే వేసిన ఆ పులుసు ఎలా ఉంటుందో కథలుగా చెప్పుకుంటూ మేం చిన్నచేపలతో అన్నం తినేవాళ్ళం. పొద్దుగూకే వేళకి రేవులో వెదురుగడకి బల్బు కట్టి బ్యాటరీతో వెలిగించడం ఇంటికొక రోజు చొప్పున వంతు. ఆ వెలుగు కనిపించక రేవు తప్పిందా, వరద పడవని సముద్రం దాకా ఈడ్చుకుపోతుంది.

ఆ రోజు వంతు మాది, ఇంకా రాని పడవ మా నాన్నది. నాకు పదకొండేళ్ళు. తెలుగులో మాట్లాడే జపాను బొమ్మల సీరియల్లో ఆ రోజే ఆఖరి పోరాటం, మా వీరుడు బతుకుతాడో లేదో తేలే రోజు. మధ్యాహ్నమే కరెంటు పోయింది. కేబులాయనకి జనరేటరుంది, మా చిన్న టీవీ ఆ రేవు బ్యాటరీ మీదే నడుస్తుంది, ఇంక నన్ను ఆపేదెవరు? పావుగంటే కదా అనుకున్నాను. వీరుడు కనుబొమ్మ మీద వేటు పడి, రక్తమోడుతూ నేలకి ఒరిగాడు, అంతలో బొమ్మ కుంచించుకుపోయి టీవీ ఆరిపోయింది.

"బేటరీ అట్రాయే పిల్లా, సీకటడిపోతంది," అని మామ్మ రేవు నుంచి కేక. మోసుకెళ్ళి తగిలిస్తే బల్బు ఎర్రటి తీగలా మిణికి ఆరిపోయింది. చేసిన పని చెప్పేశాను. మామ్మ తన పాతచీర చింపి, గడకి చుట్టి, కిరసనాయిలు పోసి అంటించింది. వాన చినుకులకి అది ఆరడం, మళ్ళీ అంటించడం. అమ్మ నా వైపు చూడను కూడా లేదు. నాన్న రాకపోతే చంపింది నేనే అని నాకు తెలుసు.

నాలుగోసారి అంటించాక, రేవుకి బాగా దిగువన, నాన్న గొంతు వినిపించింది. ఆడవాళ్ళంతా తాడు విసిరి లాగారు. వల కొట్టుకుపోయింది, నుదురు చిట్లింది, మనిషి దక్కాడు. నేను చేసింది నాన్నకి చెబుతూ అమ్మ నా మీద చెయ్యెత్తితే ఆయనే అడ్డుకున్నాడు.

"ఒగ్గెయ్యే. ఇంతకీ నీ ఈరో బతికాడేటే?"

తెలీదన్నాను. ఆ తర్వాత ఆ సీరియల్ చూడలేదు, ఎవర్నీ అడగలేదు, ఆ పేరెత్తితేనే నాకు కిరసనాయిలు వాసనొచ్చేది. నాన్న మాత్రం నా పెళ్ళయ్యాక కూడా, ఇంటికెళ్ళినప్పుడల్లా, ఆ మాటే అడిగి ఏడిపించేవాడు.

ఇప్పుడా రేవు లేదు, రాళ్ళు పేర్చి గట్టు కట్టారు, వరసగా దీపాలు వెలుగుతుంటాయి. మామ్మ ఎప్పుడో పోయింది. నాన్న పోయి రెండేళ్ళు.

మా అమ్మాయి చూస్తున్నది ఆ సీరియల్‌కి కొత్త కొనసాగింపట, వీరులంతా కొత్తపిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంట్లోంచి బయల్దేరుతుంటే గుమ్మంలో నెరిసిన జుట్టుతో ఒకతను నిలబడి జాగ్రత్తలు చెబుతున్నాడు. కనుబొమ్మ మీద ఆనాటి గాటు.

"అమ్మా, ఈయన ఆ పిల్ల వాళ్ళ నాన్న, ఒకప్పుడు ఈయనే హీరో," అంది మా అమ్మాయి.

"బతికాడు నాన్నా," అన్నాను.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అంది అది, ఫోను మీంచి తల ఎత్తకుండానే.