మొహర్రంలో లేవని చెయ్యి

మా మేనమామ యాదగిరికి నోటికన్నా ముందు చెయ్యి లేచేది. మన్సూరాబాద్ పక్కన మా ఊళ్ళో ఆయన చేతి దెబ్బ తినని మగాడు తక్కువ. అలాంటి మనిషి ఏటా మొహర్రం నెలవంక కనిపించగానే చెప్పులు విడిచేవాడు. నెల దాటేదాకా ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాడు.

పాతికేళ్ళ వయసులో, పీర్ల పండుగనాడు నిప్పుల గుండం దగ్గర ఎవడో తోశాడని మామ వాడి తల పగలగొట్టాడు. పీర్లను చూసుకునే కాసీం సాబు పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"యాదగిరీ, అల్లా నాలుగు నెలలు పాక్‌గ, పవిత్రంగ చేసిండు బేటా. అండ్ల గిదొకటి. గీ నెలల కొట్లాట హరాం. గిదే చెయ్యితోని పీరునెట్ల ఎత్తుతవ్?"

మామ అక్కడే ఏడ్చి, ఈ నెలలో ఎవరి మీదా చెయ్యెత్తనని పీరు మీద ఒట్టు వేశాడు. ఆ ఒట్టు పక్కనే నిలబడి విన్నవాడు జనార్ధన్. పెద్ద పీరు మామ ఎత్తితే చిన్న పీరు అతను ఎత్తేవాడు. ఇరవై ఏళ్ళు ఇద్దరూ ఒకే పళ్ళెంలో మలీదా ప్రసాదం తిన్నారు.

పీర్లను ఉంచే కొట్టం ఉన్న జాగా జనార్ధన్ తండ్రిది. పీర్లున్నన్నాళ్ళు అది పీర్లదేనని ఆయన నోటిమాటగా ఇచ్చాడు. అప్పట్లో నోటిమాట చాలు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ నిండిపోయి, కాలనీలు ఎల్బీనగర్ దాటి మా పొలాల మీదికి వచ్చాయి. మామ రెండుసార్లు కొట్టం చుట్టూ పాతిన హద్దురాళ్ళు పీకి బ్రోకర్లను తరిమాడు.

"నువ్వుండంగ ఎవనికి దమ్ముందే అన్నా!" అని జనార్ధన్ భుజం తట్టాడు. మామ పొంగిపోయాడు, పిచ్చి మారాజు.

ఎనభై ఐదులో, మొహర్రం మూడో రోజు పొద్దున, గడ్డపారలతో పదిమంది కూలీలు కొట్టం మీదికి వచ్చారు. వెనక స్కూటర్ మీద జనార్ధన్. జాగా అమ్మేశాడట. మామ కట్టె పట్టుకొని ఉరికాడు. జనార్ధన్ అంగుళం కదల్లేదు.

"నెలవంక కనవడ్డది గదనే అన్నా," అన్నాడు మెల్లగా.

మామ చేతిలో కట్టె కిందపడింది. ఏడాదిలో పదకొండు నెలలు వదిలేసి, వాడు ఈ నెలనే ఏరుకున్నాడు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పీరు మాత్రం ఏం పడుతుంది? తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మామ లోపలికి పోయి పీర్ల పెట్టె ఎత్తుకొని బయటికి వచ్చాడు. గోడలు కూలుతుంటే దాని పక్కనే కూర్చున్నాడు. ఆ ఏడాది పీర్లను మా ఇంటి అరుగు మీద నిలబెట్టాం. జనార్ధన్ రాలేదు. చిన్న పీరు పెట్టెలోనే ఉండిపోయింది.

నెల ఎప్పుడు దాటుతుందా అని ఊరంతా కాచుకుంది. అందరికన్నా ఎక్కువ జనార్ధనే కాచుకున్నాడేమో, తన ఇంటి గేటు దగ్గర నలుగురు మనుషుల్ని పెట్టుకున్నాడు.

నెల మారిన పొద్దున మామ ఆకుపచ్చ బట్టలో ఏదో చుట్టుకొని బయల్దేరాడు. ఏం ఘోరం జరుగుతుందోనని నేనూ వెంటపడ్డాను. ఆయన్ను చూసి గేటు దగ్గరి వాళ్ళు పక్కకు జరిగారు. మామ మూట విప్పి, చిన్న పీరును జనార్ధన్ చేతుల్లో పెట్టాడు.

"నువ్వెత్తే పీరు. దీనికి జాగ లేకపాయె. నీకాడ జాగలు శాన ఉన్నయంట."

జనార్ధన్ పీరుతోనే మామ కాళ్ళ ముందు వంగాడు. "తప్పయింది అన్నా. నెల ఒడిసింది గద, కొట్టు. నీ కాల్మొక్త, ఒక్కటి కొట్టు."

మామ ఆకుపచ్చ బట్టను మడిచి భుజాన వేసుకున్నాడు.

"కొడ్తే నావోనివైతవ్ గదరా," అన్నాడు.

వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు. నెల దాటినా ఆయన కాళ్ళకు ఇంకా చెప్పులు లేవు.