సుద్ద గీత దాటిన పిల్ల

సూదమ్మ అని వీధివాళ్ళు పేరు పెట్టింది బట్టలు కుడుతుందని కాదు, ఆమె నోటికి భయపడి. మిషను ముందు కూర్చుందంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోరు దాని పని అది చేసుకుపోయేది. ఆ తిట్లలో సగం తమ్ముడికే చెందేవి. పెళ్ళాం బిడ్డలతో పై వాటాలో ఉంటాడు. చెడ్డవాడేం కాదు. మాట ఇవ్వడమంటే మహా సరదా, నిలబెట్టుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

కిందటేడు పిల్లలిద్దరినీ నది గట్టు మీది ఆటల పార్కుకు తీసుకువెళ్ళాడు. పెద్దవాడు అన్నీ ఎక్కాడు. నీళ్ళ మీదికి ఊగే పెద్ద పడవ ఎక్కడానికి మాత్రం చిన్నదాని ఎత్తు చాలలేదు. "ఎదగవే, మళ్ళీ తీసుకొస్తా" అన్నాడు తండ్రి. అన్నాక వచ్చిన ఆదివారాలన్నీ ఎవరో ఒక స్నేహితుడి పనిలో కొట్టుకుపోయాయి. చిన్నది ప్రతిసారీ చెప్పులు వేసుకుని మెట్ల మీద కూర్చునేది. చీకటి పడ్డాక తనే విప్పుకునేది. ఏడ్చేది కాదు. "నాన్నకు పని పడింది అత్తా" అనేది. అది విన్నప్పుడల్లా సూదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"మీ నాన్న మాటలు నీళ్ళ మీద రాతలే. ఇలా రా, నేను కొలుస్తా. ఎదిగిన మర్నాడే తీసుకెళ్తా. నా మాటంటే మాటే!"

కుట్టుగది గోడకు టేపు ఆనించి, పార్కువాళ్ళు అడిగే ఎత్తు దగ్గర సుద్దతో గీత గీసింది. చిన్నది రోజూ వచ్చి గోడకు వీపు ఆనించేది. తలమీద స్కేలు పెట్టించుకుని, పైకి చూడకుండానే "అందానా?" అని అడిగేది. ఒక రోజు అందింది. సూదమ్మ కుడుతున్న చొక్కాను మిషను మీదే వదిలేసి పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

మర్నాడు పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళేసరికి పార్కులో ఇసుక వేస్తే రాలనంత జనం. చిన్నది వరసలో నిలబడినంతసేపూ గంతులే గంతులు. తీరా వంతు వచ్చాక, గేటు దగ్గర నెరిసిన మీసాల మనిషి దాన్ని కొలతల పలకకు ఆనించి తల అడ్డంగా ఊపాడు.

"తక్కువుందమ్మా. ఎక్కించకూడదు."

సూదమ్మ ఒంటికాలి మీద లేచింది. "తక్కువేంటయ్యా? నా చేతుల్తో కొలిచాను! ఊళ్ళో సగం మందికి నేను కుట్టిన బట్టలే. ఒక్కరికి బిగువా, ఒక్కరికి వదులా? మీ పలకే తప్పు!"

"పలక తప్పంటే ఎలాగమ్మా? మీ టేపు ఉంటే తీయండి, చూద్దాం."

ఆమె సంచిలోంచి విసురుగా టేపు తీసింది. అతను బోల్టులు బిగించే మెకానిక్కును పిలిచి స్టీలు టేపు తెప్పించాడు. రెండూ పక్కపక్కనే పట్టుకున్నారు.

ఆమె టేపుకు మొదటి రెండంగుళాలూ లేవు. కొస పీలికలైపోతే ఎప్పుడో తనే నీటుగా కత్తిరించి పారేసింది. కుట్టుపనిలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. మనిషిని కొలిచేదీ ఆ టేపే, గుడ్డను కొలిచేదీ ఆ టేపే, కనుక చొక్కాలన్నీ చక్కగా కుదిరేవి. కుదరనిది గోడ మీది గీత ఒక్కటే, అది రెండంగుళాలు కిందికి పడింది.

కోపం కోపంగానే ఉంది, దాన్ని పడేయడానికి మాత్రం తప్పు చేసిన మనిషి ఎదురుగా లేడు. అంతలో చిన్న చెయ్యి ఆమె వేళ్ళు పట్టుకుంది.

"ఫర్లేదత్తా. నాకెలాగూ భయమేసింది. ఇంకోసారి వద్దాంలే."

ఎంత తేలిగ్గా అనేసిందో! మెట్ల మీద వినిపించిన గొంతే అది. పెద్దవాళ్ళు మాట తప్పితే వాళ్ళకు నొప్పి తగలకుండా సర్దిచెప్పడం ఈ పిల్లకు బాగా అలవాటైపోయింది. ఇప్పుడు ఆ సర్దుబాటు తన వంతుకు వచ్చింది. మాట తప్పడంలో తమ్ముడి పక్కన తనూ నిలబడింది. ఇంతకాలం తిట్టిన తిట్లన్నీ సూదమ్మకు ఒక్కసారిగా తిరిగొచ్చి తగిలాయి.

"భయమా? అబద్ధమాడకు. పొద్దున్నుంచీ గంతులేస్తూనే ఉన్నావు. తప్పు నాది, తిట్టు నన్ను!"

పిల్ల బిత్తరపోయి చూసింది.

"తిట్టవే! నన్నిలా వదిలేయకు!"

"అత్తా, అందరూ చూస్తున్నారు" అన్నాడు పెద్దవాడు తల దించుకుని.

"చూడనీరా!"

చిన్నదాని కింది పెదవి వణికింది. తరువాత గట్టు దద్దరిల్లేలా అరిచింది. "నువ్వే చెప్పావు! గీత దాటానన్నావు! నువ్వూ నాన్నలాగే!" రెండు పిడికిళ్ళతో అత్త పొట్ట మీద బాదింది. సూదమ్మ చేతులు అడ్డం పెట్టుకోలేదు. వెనక పడవ ఊగుతూనే ఉంది, అందులోని పిల్లలు కేకలు పెడుతూనే ఉన్నారు. వాళ్ళందరికంటే ఇదే గట్టిగా అరిచింది.

అలిసిపోయాక ముక్కు చీదుకుని అడిగింది.

"నాన్నను కూడా తిట్టొచ్చా?"

"తిట్టొచ్చు. నేను పక్కనే ఉంటా."

ఆ సాయంత్రం తమ్ముడు ఈల వేసుకుంటూ మెట్లెక్కబోయి ఆగిపోయాడు. చిన్నది చెప్పులు విప్పకుండా, పై మెట్టు మీద అత్త పక్కన దారికి అడ్డంగా నిలబడి ఉంది.