పొదల్లో ఎక్కడో దాని పిల్ల

తొంభైల చివర్లో నేను బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లేదాన్ని. నర్సాపూర్ అడవికి అవతల మా ఊరు. పాపకు అప్పుడు నాలుగో నెల. పొద్దున్నే పాలిచ్చి, అత్త చేతిలో పెట్టి కంపెనీ బస్సెక్కేదాన్ని.

బస్సు నడిపే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. జంతువులు తిరిగే చోటు, మెల్లగా వెళ్లండి అని అడవి మొదట్లో బోర్డు ఉండేది. ఆ మాట వినే డ్రైవరు ఆయనొక్కడే అనుకుంటాను.

ఆ రోజు పాప ఎంతకీ నన్ను వదల్లేదు. నా కోసం బస్సు చాలాసేపు ఆగింది. నేను ఎక్కేసరికి అందరూ గడియారాలు చూసుకుంటున్నారు. నేనే లేచి చాచా దగ్గరికి వెళ్లాను.

"జెర జల్దీ పోనియ్యి చాచా. ఆలస్యమైతే గేటు తియ్యరు. నా ఒక్కదాని వల్ల అందరికీ పరేషాన్."

"అడవి దాటనియ్యి బేటీ."

"తెల్లారింది గద. ఇగ ఏం అడ్డమొస్తయి?"

ఆయన గేరు మార్చాడు. బస్సు వేగం పెంచాడు.

మలుపులో ఒక చుక్కల జింక రోడ్డు మీదికి దూకింది. బ్రేకు పడేలోపే తగిలింది.

దిగి చూస్తే రోడ్డు పక్కన పడి ఉంది. వెనక కాళ్లు కదలడం లేదు. తల ఎత్తి ఎత్తి చెట్ల వైపే చూస్తోంది.

"ఎట్లైనా సచ్చేదే చాచా," అన్నాడు వెనక సీట్లో కూర్చునే ఆపరేటరు. "పానం ఉండంగనే కోస్తే తలా ఇంత కూర అయితది."

చాచా వంగి చూశాడు. పొదుగు నిండుగా ఉంది. తారు మీద పాలు కారుతున్నాయి.

"పాలిచ్చే తల్లి ఇది. నేను కొయ్య," అన్నాడు. ఆపరేటరు తల దించుకున్నాడు.

నేను దాని తల ఒళ్లో పెట్టుకుని సీసాతో నీళ్లు పట్టాను. మింగలేదు. కాసేపటికి మెడ బరువెక్కింది.

అప్పుడే సైకిల్ మీద అడవి గార్డు వచ్చాడు.

"దీని పిల్ల గీడనే ఉంటది," అన్నాడు. "మేతకు పోయేటప్పుడు పొదల్ల దాస్తది. తల్లి వచ్చి పిలిచేదాంక అది కదలదు, సప్పుడు చెయ్యదు."

అందరం పొదల్లోకి వెళ్లాం. ఆపరేటరు కూడా ముళ్లు తప్పించుకుంటూ వెతికాడు. దొరకలేదు.

అంత ఆలస్యంగా వెళ్లినా కంపెనీ గేటు తెరిచారు. బస్సుకు ప్రమాదమైందని చాచా చెబితే ఒక్క మాట కూడా అనలేదు. మధ్యాహ్నం నాకు పాలు చేపి జాకెట్టు తడిసింది. రోజూలాగే బాత్‌రూమ్‌లో పిండి పారబోశాను. అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను.

సాయంత్రం ఎవరూ అడగకుండానే చాచా మలుపులో బస్సు ఆపాడు. మళ్లీ వెతికాం. మసకబారుతుంటే వెనక్కి వస్తూ, "నేనే తొందరపెట్టిన చాచా," అన్నాను.

"స్టీరింగ్ నా చేతుల్నే ఉండె బేటీ," అన్నాడు. నా వైపు చూడలేదు.

మూడో రోజు గార్డు బస్సుకు చెయ్యెత్తాడు. పిల్ల దొరికిందేమోనని నేనే ముందు దిగాను.

"దొరికిందమ్మా. పానం లేదు," అన్నాడు. "రోడ్డుకు ఇరవై అడుగుల దూరంల, ముడుచుకుని పండినట్టే ఉంది. మీరంత తిరిగిన జాగనే."

చాచా ఆ నెలలోనే అడిగి జోగిపేట వైపు బస్సుకు మారిపోయాడు. కొత్త డ్రైవరు ఆ మలుపును కూడా అదే వేగంతో దాటించేవాడు. మెల్లగా పోనియ్యమని చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. ఒక్క రోజూ నోరు రాలేదు.