మూడో కరువులో గెలిచే ఆట

మా చరిత్ర సారు గత మంగళవారం ఉదయం ఆరున్నరకు తన ఇంటి పెరట్లో మొహం కడుక్కుంటూ పడిపోయి చనిపోయారు. మా ఊరి చెరువు తూము పక్కనున్న రాతి గురించి నిజం తెలిసినవాళ్లం మొన్నటిదాకా ముగ్గురం. ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. ఆ రెండో మనిషిది మన జిల్లా కాదు.

కబురు తెచ్చింది దిగువపల్లె పెద్దాయన. కళ్యాణదుర్గం నుంచి దొరికిన మొదటి బస్సుకు అనంతపురం వచ్చి, మా పత్రికాఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"సారు పోయినాడన్నా" అన్నాడు. కాసేపు తలగుడ్డతో కళ్లు తుడుచుకుని, "శుక్రవారం చెరువు విచారణకు మాత్రం నువ్వు తప్పకుండా రావల్ల. సారు లేకపోయినా నువ్వుండావు గదా. నువ్వు చెప్తే చాలు మాకు" అన్నాడు.

నేను సెలవు చీటీ రాసిచ్చి ఆయన వెంట బస్సెక్కాను.

డెబ్బైల మొదట్లో సారు మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. అరిగిపోయిన సుద్దముక్కలను అగ్గిపెట్టెలో దాచి జేబులో పెట్టుకునేవారు. బోర్డు మీద ముందు సంవత్సరం రాసేవారు, దాని కింద ఊరి పేరు రాసేవారు, ఆ తరువాతే నోరు తెరిచేవారు. ఎవరైనా లేచి ఏదైనా విశేషం చెబితే మూడు ప్రశ్నలు వచ్చేవి. "నువ్వు చూసినావా? చూడకుంటే, నీకు చెప్పినోడు చూసినాడా? వాడూ చూడకుంటే, వాడు యాడ విన్నాడు?" మూడింటికీ జవాబు లేకపోతే, "కూచోప్పా, అది కత" అనేవారు.

ఒకసారి మమ్మల్ని లేపాక్షి తీసుకుపోయారు. అక్కడ గైడు నంది గురించి ఏవో కథలు మొదలుపెట్టాడు. సారు సంచిలోంచి నులకతాడు తీసి మా చేతికిచ్చారు. "ఆయప్ప కత చెప్తాంటాడు. మీరు కొలత రాసుకోండి" అన్నారు. మేం కొలిచి రాసుకున్నాం. గైడు మొహం మాడ్చుకున్నాడు.

నేను పత్రికలో చేరాక నాకు పని నేర్పినవాళ్లు చాలామంది. అయినా వార్త రాసే ముందు నేను వేసుకున్నవి ఆ మూడు ప్రశ్నలే. ఇన్నేళ్లలో ఒక్కసారి మాత్రం వేసుకోలేదు.

ఎనభైల మధ్యలో, అంటే మూడేళ్ల కిందట, ఆ బడికి ప్రభుత్వం రెండు కంప్యూటర్లు ఇచ్చింది. వాటికొక గది కేటాయించి, దుమ్ము పడకుండా తెరలు కట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. శిక్షణకు పోయి వచ్చింది లెక్కల సారు. ఆయన పక్కన రోజూ స్టూలు వేసుకుని కూర్చున్నది చరిత్ర సారు. ఇద్దరూ కలిసి ఒక వేసవి సెలవులంతా ఒక ఆట తయారుచేశారు. కరెంటు పోయినప్పుడల్లా చేసిందంతా పోయేది, మళ్లీ మొదటినుంచి కొట్టేవాళ్లు. పూర్తయ్యాక దాన్ని టేపు క్యాసెట్లో దాచారు.

ఆటలో మీరు రాయల కాలంలో మా చెరువు మీద అధికారి. ఏటా ఒక నిర్ణయం తీసుకోవాలి. ఒకటి నొక్కితే కట్టకు మరమ్మతు, రెండు నొక్కితే ధాన్యం కొట్టు తెరవడం, మూడు నొక్కితే నీటి పంపకం నీరుగంటికి వదిలేయడం. తూము తీసి మడులకు నీళ్లు పారించేవాడిని మా వైపు నీరుగంటి అంటాం. వాన ఎంత పడేదీ మిషనే చెబుతుంది. తెర మీద తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ఒక నియమం ఉండేది. బటన్ నొక్కే ముందు ఎందుకు నొక్కుతున్నారో గట్టిగా చెప్పాలి.

వార్త రాయడానికి పోయి నేనూ ఆడాను. మూడుసార్లు ఊరు ఖాళీ అయిపోయింది. వెనక నిలబడ్డ పిల్లలు నవ్వారు.

"పేపరన్నా, కట్టకు మన్ను ఎంత పోసినా నీళ్లు రావు" అన్నాడొకడు. తొమ్మిదో తరగతి అమ్మాయి ముందుకు వంగి, "మూడో కరువులో మూడు నొక్కల్లన్నా. నీరుగంటి వస్తాడు" అంది.

నొక్కాను. నీరుగంటి ఎవరి మాటా వినకుండా తూము తీసి, దిగువపల్లె పశువులకు నీళ్లు వదిలాడు. ఆ పల్లె వాళ్లు వచ్చి పూడిక తీశారు. మరుసటి ఏడు చెరువు నిండింది. రాజు ఆ నీరుగంటి పేర రాయి వేయించాడు.

"ఇది ఎక్కడిది సార్?" అని అడిగాను.

"తూము కాడ రాయి ఉండాది గదప్పా" అన్నారు సారు.

'శాసనం ప్రకారం' అని రాశాను. జిల్లా పేజీలో నా పేరుతో వచ్చింది.

అంతకుముందు కరువు ఏడాదిలో తూము దిగువకు తీసేవాళ్లు కాదు. ఎగువ రైతులు ఒప్పుకునేవాళ్లు కాదు. దిగువపల్లె వాళ్లు నా వార్త కత్తిరించి అర్జీకి అంటించి మండలాఫీసులో ఇచ్చారు. విచారణ తేలేవరకు పశువులకు నీళ్లు వదలమని ఉత్తర్వు వచ్చింది. రెండు ఎండాకాలాలు వదిలారు.

పోయిన వేసవిలో ఆ రాతి ఫోటో వేద్దామని, పాత శాసనాలు చదవగలిగిన ఒక రిటైరైన పెద్దమనిషిని పక్క జిల్లా నుంచి పిలిపించాను. ఆయన రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దారు. రెండు పంక్తులు తేలాయి. ఒక పొలానికి తూర్పు హద్దు ఏదో, పడమర హద్దు ఏదో. నీరుగంటి లేడు, కరువు లేదు, రాజు లేడు.

ఆ సాయంత్రమే సారు ఇంటికి పోయాను.

"రాయి చూసినారా సార్?"

"చూస్తి."

"చదివినారా?"

"అరిగిపోయిన రాయిని ఎవడు చదువుతాడప్పా?"

"మరి నీరుగంటి?"

సారు జేబులోని అగ్గిపెట్టె తీసి చేతిలో తిప్పారు. "మొదట ఆట నిజంగానే చేసింటిమి. మూడో కరువులో చెరువు ఎండుతాది, ఊరు లేచిపోతాది. ఏం నొక్కినా అంతే. వారం ఆడినారు పిల్లోళ్లు. ఆమీద మిషన్ కాడికే రాలేదు. 'యా బటన్ నొక్కినా చచ్చేదే కదా సార్' అనె ఒక పాప. గెలిచే దారి ఒకటన్నా ఉండల్లని పెడితి."

"ఆటలో పెట్టినారు, సరే. నాతో రాయి ఉందని ఎందుకన్నారు?"

"పిల్లోళ్ల ముందర అడిగితివి. వాళ్ల ముందర లేదని యెట్ల చెప్పేది? బయటికొచ్చినంక మూడు ప్రశ్నలూ అడుగుతావనుకొంటి. బస్సుకు టైమైందని పోతివి."

"పేపర్లో పడినాకైనా చెప్పొచ్చు కదా?"

"పడినంక దిగువపల్లెకు నీళ్లొచ్చె."

సారు భార్య మజ్జిగ తెచ్చారు. నేను తాగకుండా లేచాను. అబద్ధం ఆయనది, అచ్చయింది నా పేరు మీద. కొలతతాడు నా చేతికిచ్చిన మనిషే ఆ పని చేశాడు. ఆ తరువాత నేను ఆ గడప తొక్కలేదు. దిద్దుబాటు వార్త మూడుసార్లు రాసి మూడుసార్లూ చించేశాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన నుంచి నాకూ కబురు రాలేదు.

నాకు పని నేర్పింది ఆయనే. ఇది రాస్తున్నది కూడా ఆయన నేర్పిన పద్ధతిలోనే, చూసింది చూసినట్టుగా.

అంత్యక్రియల మర్నాడు బడికి పోయాను. ఆయన ఆటను ఏమైనా మార్చి ఉంటారేమోనన్న ఆశ ఒకటి మిగిలి ఉంది. రాతి సంగతి నిజమనే నమ్మే లెక్కల సారు క్యాసెట్ ఎక్కించారు. చెప్పులు విడిచి కూర్చుని ఆడాను. మూడో కరువులో మూడు నొక్కాను. నీరుగంటి వచ్చాడు, తూము తీశాడు. ఏమీ మారలేదు.

వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద ఆగాను. చెరువులో అడుగు నీళ్లున్నాయి. దిగువపల్లె వాళ్లు విచారణ కోసం ఆ రాయికి సున్నం కొట్టి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. ఉన్న ఆ రెండు పంక్తులూ సున్నం కింద కనబడడం లేదు.

నోటీసు నిన్న చేరింది. శుక్రవారం ఉదయం పది గంటలకు, తూము దగ్గర. ఎగువ రైతులూ, దిగువపల్లె వాళ్లూ హాజరవుతారు. మొదటి సాక్షిని నేను. అడుగున అధికారి చేత్తో ఒక వాక్యం రాశారు: సాక్షి ఆ రాయిని స్వయంగా చూసినదీ లేనిదీ చెప్పవలెను.