నాబ్ తిప్పింది నేనే

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీతోనైనా చెప్పుకోగలనేమో. ఈ మాటను మింగలేను, కక్కలేను.

ఉండేది ఇబ్రహీంపట్నం. ఆదిభట్ల దగ్గర ఒక కంపెనీ ల్యాబులో లేజర్ యంత్రం నడుపుతాను. అప్పట్లో మా ఊరి పిల్లే, షాహీన్, అక్కడ పరిశోధన చేసేది. స్ఫటికం ముక్క మీద రెప్పపాటు కన్నా తక్కువ సేపు లేజర్ కొట్టి, పైపొర ఏమవుతుందో చూడడం ఆమె పని. పైపొర భగ్గున వేడెక్కి, లోపలికి ఆ వేడి దిగేలోపే చల్లారిపోతుంది. ఆ హడావిడిలో పైనున్న అణువులు పాత వరస వదిలి కొత్త వరసలో కూర్చుంటాయా? అదే ఆమె ప్రశ్న. పైపొరను తాకి వెనక్కొచ్చే ఎలక్ట్రాన్లు తెర మీద చుక్కలుగా కనబడతాయి; వరస మారితే ఆ చుక్కలు కూడా మారతాయి, ముగ్గు మార్చి పెట్టినట్టు.

ఒక సాయంత్రం చుక్కలు మారాయి. షాహీన్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. అంత తక్కువ పవర్‌కే మారడం ఎవరూ చూడలేదట.

తక్కువ పవర్ ఎక్కడిది! లేజర్ వేడెక్కి కుదురుకోవడానికి అరగంట ఆగాలి. కంపెనీ బస్సు వెళ్లిపోతుందని నేను ఆగలేదు. చల్లగా ఉంటే పవర్ తక్కువ వస్తుంది కాబట్టి పవర్ నాబ్ ఎక్కువ తిప్పి సరిపెట్టాను. ఈలోపు యంత్రం వేడెక్కింది, స్ఫటికం పాడవకుండా మా ల్యాబు పెద్ద సార్ పెట్టిన హద్దు దాటిన పవర్ స్ఫటికం మీద పడింది. లాగ్‌బుక్కులో మాత్రం రోజూ రాసే అంకే రాశాను. బస్సు దొరికింది.

మర్నాడు ఆ అంకెతోనే మళ్లీ కొట్టాం. మారలేదు. నెల రోజులు కొట్టాం. మారలేదు. నువ్వు స్ఫటికం సరిగ్గా శుభ్రం చేయలేదు, చూసింది మురికి అని సార్ అందరి ముందూ ఆమెను అనేశాడు. నేను పక్కనే ఉన్నాను, తేలు కుట్టిన దొంగలా. చెబితే ఏమయ్యేది? ఉద్యోగం పోయేదా? నాలుగు తిట్లతో పోయేదేమో. ఆ నాలుగు తిట్లు కూడా తినలేనంత పిరికివాడినా నేను?

ఆ రోజు గేటు దగ్గర ఆమే అడిగింది.

"అన్నా, ఏమనుకోకు. గా రోజు నువ్వేమన్న మార్చినవా?"

"ఏం మార్చలే చెల్లె. బుక్కుల రాసిందే పెట్టిన."

"అవ్, నువ్వెందుకు మారుస్తవ్. నా చెయ్యే మంచిది గాదు తియ్."

నమ్మేసింది. నేను నమ్మనిచ్చాను. ఛీ! కొన్నాళ్లకు ఆమె పరిశోధన మానేసింది.

ఇప్పుడు మా ఊళ్లోనే ఒక బడిలో సైన్స్ చెబుతోంది. మా పాప ఆమె క్లాసే. ప్రయోగాలన్నీ పిల్లలతోనే చేయిస్తుందట, తను గాజు గ్లాసు కూడా ముట్టదట. ఎందుకు టీచర్ అంటే, నా చెయ్యి మంచిది కాదని నవ్వుతుందట. పాప ఇది చెప్పిన రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

నేనింకా ఆ ల్యాబులోనే, కిటికీ లేని ఆ లేజర్ గదిలోనే ఉన్నాను. రోజూ ఆ నాబే తిప్పుతాను. కొత్తగా వచ్చినవాళ్లకు, ఏది మార్చినా బుక్కులో రాయాలని నేర్పేది కూడా నేనే, సిగ్గులేకుండా. పొద్దున బస్సు కోసం నిలబడితే ఆమె బడికి పోతూ ఎదురొస్తుంది, అన్నా అని పలకరిస్తుంది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! ఎన్నిసార్లు బస్సెక్కి కూర్చున్నానో.

ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. రాయడం మాత్రం రాస్తున్నాను: షాహీన్ చూసింది మురికి కాదు. నేను పెంచిన పవర్‌కి అణువులు నిజంగానే వరస మార్చుకున్నాయి. ఆమె చేసిన పనిలో ఏ లోపమూ లేదు.

ఇదంతా రాశాక ఇవాళ అన్నం సయించింది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. నాకు మాత్రం సయించింది.