తక్ మిర్యంగ్ వెనక్కి తీసుకున్న వ్యాసం

తక్ మిర్యంగ్ ఎలుకల గదిలోంచి బయటికి వచ్చిందంటే మా అంతస్తులో అందరం తలలు వంచుకుని పనిలో పడిపోయేవాళ్ళం. ఆమె ఎవరినీ తిట్టేది కాదు. మాస్కు పీకి చెత్తబుట్టలోకి విసిరే తీరులోనే ఆ రోజు ఎలా గడిచిందో తెలిసిపోయేది. నలభై రెండేళ్ళ మనిషి. దక్షిణ కొరియాలోని దేగూ నగరంలో మెదడు మీద పరిశోధన చేసే మా సంస్థలో పదకొండేళ్ళుగా ఒకే పని పట్టుకుని ఉంది. నాది పక్క ల్యాబు. రెండు ల్యాబులకూ కలిపి ఫ్రీజరు ఒక్కటే కావడంతో ఆమె విసుగులో నాకూ కొంత వాటా వచ్చేది.

మెదడు లోతుల్లో కదలికలను అదుపు చేసే ఒక భాగం ఉంది. చెయ్యి ఎత్తాలన్నా, ఎత్తిన చెయ్యి ఆపాలన్నా అక్కడి కణాలు రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ రసాయనం వచ్చి తగులుకునే చోటును గ్రాహకం అంటారు. ఒక్కో కణం మీద అవి వేలల్లో ఉంటాయి, రకరకాలవి. వాటిలో ఏదైనా తేడా చేస్తే చేతులు వణకవచ్చు, మెడ ఒక పక్కకు తిరిగిపోవచ్చు, వేళ్ళు మెలిపడిపోవచ్చు. మిర్యంగ్ అలాంటి ఒక గ్రాహకం వెంట పడింది. అది ఏ కణాల మీద ఉందో తేలితే మందు ఎక్కడ పనిచెయ్యాలో తేలుతుంది. నాలుగేళ్ళ కిందట తేల్చింది కూడా. ఆ భాగంలోనే ఉండే ఒక రకం పెద్ద కణాల మీద ఉందని వ్యాసం రాసింది. దేశదేశాల వాళ్ళు ఆ వ్యాసాన్ని ఉదహరించారు. దాన్ని నమ్మి తయారు చేసిన మందు మాత్రం ఒక్క ఎలుకకూ పనిచెయ్యలేదు.

ఈ చికాకు చాలదన్నట్టు ఆమెకొక మేనమామ.

బాంగ్ డోక్సుకు అరవై ఆరేళ్ళు. సొమున్ బజారు వెనక సందులో క్షవరశాల. నలభై ఏళ్ళు కత్తెర ఆడించిన చెయ్యి ఆయనది. రెండేళ్ళ కిందట ఆ చెయ్యి మొండికేసింది. కత్తెర పట్టగానే ఉంగరపు వేలూ చిటికెన వేలూ అరచేతిలోకి ముడుచుకుపోయేవి. మణికట్టు వంకర తిరిగేది. కత్తెర కింద పెడితే ఏమీ లేదు. అదే చేత్తో చాప్‌స్టిక్స్ పట్టుకుని గిన్నెలో జారిపోయే సోయా గింజను ఏరుకు తినగలడు. చొక్కా బొత్తాలు పెట్టుకోగలడు. దాంతో ముసలాయన తాగుతున్నాడని కొందరు, పని దొంగ అయ్యాడని కొందరు అనేశారు.

మిర్యంగ్‌కు మొదటి రోజే అర్థమైంది. ఒకే ఒక్క పనిలో వేళ్ళు మొరాయించే జబ్బు అది. తను చదివిందే, తన పుస్తకాల్లో ఉన్నదే. అసలు కడుపుమంట అక్కడే ఉంది. జబ్బు పేరు తెలుసు, మందు తెలియదు. పెద్దాసుపత్రికి తీసుకెళితే కండరాలు సడలడానికి సూదులు వేశారు. వేళ్ళు ముడుచుకోవడం ఆగింది కానీ మూడు నెలలు చేతిలో దువ్వెన కూడా నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి మెట్టు ఎక్కనన్నాడు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ క్షవరశాల వెనక గదిలో ఇద్దరూ నూడిల్స్ తినేవాళ్ళు. ప్రతి ఆదివారం అదే గొడవ.

“ఏమే, నీ ఎలుకలకు నయమైందా?”

“మామయ్యా, ఎలుకలకు నయం కావడం వేరు, మనుషులకు కావడం వేరు. వందసార్లు చెప్పాను మీకు.”

“వందసార్లు చెప్పావు, ఒక్కసారీ నయం చెయ్యలేదు. అసలు వాటికి జబ్బుందని ఎలా తెలుస్తుందే? కత్తెరలిస్తావా?”

“సన్నటి కడ్డీ మీద నడిపిస్తాం. జబ్బుంటే పడిపోతాయి.”

“కడ్డీ మీద నేనూ నడుస్తాను. మరి నాకేం జబ్బున్నట్టు?”

ఆమె కిమ్చీ పచ్చడి గిన్నె తనవైపు లాక్కునేది.

ఆ ఏడాది వసంతంలో ఆమె ల్యాబులో ఓక్ సున్జంగ్ చేరింది. యాభై ఐదేళ్ళావిడ. అంతకుముందు ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళపాటు కణితులను పలచగా ముక్కలు కోసిన అనుభవం. ఎలుక మెదడును వెంట్రుకకన్నా పలచగా కోసి, నీళ్ళలో తేలుతున్న ఆ పొరను చిన్న కుంచెతో గాజుపలక మీదికి ఎక్కిస్తుంటే మేమంతా వెళ్ళి నిలబడి చూసేవాళ్ళం. మాటలు తక్కువ. మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడిగింది.

“డాక్టరు గారూ, ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలున్నాయిగా మన దగ్గర. వాటి మెదడు ముక్కలకు రంగు వేసి చూసింది ఎక్కడుంది?”

“వ్యాసం రాసేటప్పటికి అవి ఇంకా రాలేదక్కా. వచ్చాక నడక పరీక్షలకే వాడాం.”

“అంటే చూడలేదన్నమాట.”

“చూడక్కర్లేకపోయింది.”

గ్రాహకాన్ని పట్టుకోవడానికి మిర్యంగ్ వాడేది ఒక యాంటీబాడీ. అది గ్రాహకానికి మాత్రమే అతుక్కుని ఆకుపచ్చగా వెలుగుతుందని సీసా మీద రాసి ఉంటుంది. సున్జంగ్ ఎవరినీ అడగలేదు. మామూలు ఎలుకల ముక్కలూ, గ్రాహకం లేని ఎలుకల ముక్కలూ పక్కపక్కన పెట్టి రెంటికీ అదే పూసింది. మర్నాడు మిర్యంగ్‌ను సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచింది. రెండూ ఒకేలా వెలుగుతున్నాయి.

“ట్రేలు తారుమారు చేశావక్కా.”

“చెయ్యలేదు.”

“మళ్ళీ చెయ్యి.”

మళ్ళీ చేసింది. అదే ఆకుపచ్చ. ఎలుకలే మారిపోయాయేమోనని వాటి తోక చివర్లు కోసి జన్యువులు పరీక్షించారు. ఎలుకలు సరైనవే. మూడోసారీ అదే ఆకుపచ్చ.

“నాలుగోసారి చెయ్యమంటే చేస్తాను డాక్టరు గారూ. నాకేం ఓపిక లేక కాదు. కానీ లేనిదాన్ని కూడా ఉందని చూపిస్తోంది మీ సీసా.”

మిర్యంగ్ ఆ మధ్యాహ్నం యాంటీబాడీ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టడంతో కారిడార్‌లో ఉన్న నాకూ వినబడింది. అవతల కుర్రవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

“మేడమ్, ఆ సరుకు మీద మాకు ఇంతవరకూ ఫిర్యాదులే లేవు. పైగా బాగా పనిచేస్తుందని రుజువు కూడా ఉంది మేడమ్, మా కేటలాగులో అచ్చు వేశాం. తక్ అనే ఆవిడ రాసిన వ్యాసం.”

“ఆ తక్ నేనేనయ్యా!”

ఫోన్ పెట్టేసి ఆమె చాలాసేపు సింకు దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బు అయిపోయిందని సబ్బు డబ్బా మీద కూడా విసుక్కుంది.

ల్యాబు పెద్ద ప్యో ప్రొఫెసర్ నెమ్మదస్తుడు. ఏ సమస్యనైనా వచ్చే నెలకు తోసెయ్యగలడు.

“అందరూ అదే వాడుతున్నారమ్మా. నువ్వొక్కదానివే ఎందుకు గోల చెయ్యడం? సవరణ అని ఒక చిన్న గమనిక వేద్దాం. అదీ అక్టోబరులో మన ల్యాబు సమీక్ష అయ్యాక.”

“సార్, ఆ వ్యాసంలో నాలుగు బొమ్మలు. మూడు తప్పు. మిగిలింది ఎలుక ఫోటో. దేన్ని సవరించమంటారు?”

“నీ ప్రమోషన్ ఫైలు పైకి వెళ్ళిందని గుర్తుందా?”

“ఉంది సార్.”

“ఆ వ్యాసం మీద నా పేరు కూడా ఉంది.”

“అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. లేకపోతే ఈపాటికి ఉత్తరం పంపేసేదాన్ని.”

ఆయన బార్లీ టీ కప్పు పక్కకు జరిపి, ఆలోచించుకోమని పంపేశాడు. ఆమె నాలుగు రోజులు ఆలోచించింది. ఆ నాలుగు రోజుల్లో మా ఫ్రీజరు తలుపు పిడి ఊడింది.

ఆదివారం మేనమామకు చెప్పేసింది. ఎత్తిపొడుస్తాడనే అనుకుంది.

“అంటే నాలుగేళ్ళుగా తప్పు చోట వెతుకుతున్నావు.”

“అవును.”

“ఎవరు పట్టుకున్నారు?”

“సున్జంగక్క. ముక్కలు కోసే ఆవిడ.”

డోక్సు తల ఊపాడు. నూడిల్స్ నములుతూనే చెప్పాడు. “నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు ఒక పెళ్ళికొడుక్కి ఒక పక్క ఎక్కువ కోసేశాను. నేను గమనించేలోపు వాడు కుర్చీ దిగి వెళ్ళిపోయాడు. పరుగెత్తి బస్టాపు దగ్గర పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. దారి పొడవునా నన్ను బూతులు తిట్టాడు. కూర్చోబెట్టి రెండో పక్క సరిచేశాను.”

“ఇది క్షవరం కాదు మామయ్యా.”

“కాదులే. క్షవరమైతే జుట్టు మళ్ళీ పెరుగుతుంది.”

ఆమెకు ఒళ్ళు మండింది. తినడం ఆపేసి వచ్చేసింది. సోమవారం పొద్దున ప్యో ప్రొఫెసర్ టేబుల్ మీద ఉత్తరం పెట్టి, ఆయన సంతకం పెట్టేదాకా ఎదురుగా నిలబడింది. ఆయన పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

తప్పు ఒప్పుకోవడానికి కూడా ఇంత చాకిరీ ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. పత్రిక వాళ్ళు పదకొండు ఫారాలు పంపారు. ఒకదాంట్లో ‘తప్పు చేసిన వ్యక్తి’, ఇంకోదాంట్లో ‘తప్పు కనిపెట్టిన వ్యక్తి’. మొదటిదాంట్లో తన పేరు, రెండోదాంట్లో సున్జంగ్ పేరు రాస్తే, ఆవిడకు డాక్టరేటు లేదు కాబట్టి వేరే పేరు ఇమ్మని తిప్పి పంపారు. ఈమె అదే పేరు మళ్ళీ రాసి పంపింది. ఇలా ఐదు నెలలు. వ్యాసం వెనక్కి తీసుకున్నట్టు ప్రకటన వెలువడ్డాక ఉత్తరాలు మొదలయ్యాయి. కొందరు మెచ్చుకున్నారు, కొందరు దులిపేశారు. ఒసాకా నుంచి ఒకాయన రెండే వాక్యాలు రాశాడు. మీ ప్రయోగం తిరిగి చెయ్యబోయి మా విద్యార్థిని మూడేళ్ళు విఫలమైంది, తనకు చేతకాదనుకుని చదువు మానేసింది అని. అది చదివి మిర్యంగ్ మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. నేను అటు వెళ్ళబోయి వెనక్కి వచ్చేశాను. ఆ సంవత్సరం ప్రమోషన్ రాలేదు.

ఆ చలికాలమంతా ఆమె, సున్జంగ్ కలిసి మొదటినుంచీ మొదలుపెట్టారు. యాంటీబాడీ జోలికి పోలేదు. ఏ కణమైనా గ్రాహకాన్ని తయారు చేసుకునే ముందు దాన్ని ఎలా చెయ్యాలో చెప్పే జన్యువు నకలు ఒకటి లోపల పుడుతుంది. ఆ నకలును వెలిగించే పద్ధతి పట్టుకున్నారు. ముందుగా గ్రాహకం లేని ఎలుకల ముక్కలు చూశారు. అంతా చిమ్మచీకటి. ఏమీ కనిపించనందుకు ఇద్దరూ చప్పట్లు కొట్టుకోవడం చూసి మా విద్యార్థులు బెదిరిపోయారు.

తర్వాత మామూలు ఎలుకలు. నాలుగేళ్ళు నమ్మిన పెద్ద కణాల్లో వెలుగే లేదు. వెలిగినవి ఎక్కడో పైన, మెదడు పైపొరలో, పాదాల స్పర్శను అందుకునే చోట ఉన్న కణాలు. వాటి పొడవాటి తీగలు కిందికి దిగి కదలికల భాగంలో ముగుస్తాయి. గ్రాహకం ఆ తీగల కొసల మీద ఉంది. మందు ఎందుకు పనిచెయ్యలేదో ఆ రోజు తెలిసింది. స్పర్శకూ కదలికకూ మధ్య జరిగే తగాదాను వీళ్ళు కదలికలోనే వెతుకుతూ కూర్చున్నారు.

ఆ వారంలోనే మేనమామ ఫోన్ చేశాడు. “ఏమే, నా చెయ్యి పనిచేస్తోంది.”

“ఏం చేశారు?”

“బొటనవేలు తెగితే వంటింటి రబ్బరు తొడుగు వేలు కత్తిరించి తొడుక్కున్నాను. అప్పట్నుంచీ కత్తెర పడుతున్నాను. వారమైంది.”

“వారమా! వారం నుంచి నాకు చెప్పలేదా మామయ్యా?”

“నువ్వు ఎలుకలతో తీరిక లేకుండా ఉన్నావుగా!”

ఆమె కెమెరా తీసుకుని టాక్సీలో పరుగెత్తింది. ఆయన ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు కత్తిరించాడు. వేళ్ళు తిన్నగా ఉన్నాయి. స్పర్శ మారితే ఈ జబ్బు కాసేపు లొంగుతుందని ఆమె ఎప్పుడో చదివింది. చదివి కూడా ఇన్నాళ్ళూ ఆయన వేలికి ఒక గుడ్డపీలికైనా చుట్టి చూడనందుకు తనను తాను తిట్టుకుంది. తొడుగు చిట్కా రెండు నెలలే పనిచేసింది. తర్వాత వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. డోక్సు చివరికి జుట్టు కత్తిరించే కరెంటు మిషను కొన్నాడు. దాన్ని పట్టుకుంటే చెయ్యి ఏ పేచీ పెట్టదు. నలభై ఏళ్ళు చిన్నచూపు చూసిన యంత్రంతో బతుకు వెళ్ళదీయడం ఆయనకు నామోషీ. దాన్ని తిట్టకుండా ఒక్క తలా పూర్తి చెయ్యడు. పాత కస్టమర్లలో సగం మంది తిరిగొచ్చారు.

కొత్త వ్యాసం అచ్చుకావడానికి రెండేళ్ళు పట్టింది. పెద్ద పత్రికలు తీసుకోలేదు. చిన్న పత్రికలో వచ్చింది. రచయితల వరుసలో మొదటి పేరు మిర్యంగ్‌ది, రెండోది ఓక్ సున్జంగ్‌ది. ముక్కలు కోసినావిడ పేరు రచయితల్లో ఎందుకని ప్యో ప్రొఫెసర్ గొణిగాడు కానీ అడ్డుపడలేదు. మరుసటి ఏడాది ప్రమోషన్ కూడా వచ్చింది, పక్క గదికి మారడం తప్ప ఆమెకు దాంతో ఒరిగిందేమీ కనిపించలేదు.

అచ్చు ప్రతి వచ్చిన రోజు సున్జంగ్ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చదివింది.

“డాక్టరు గారూ, బాగుంది. కానీ ఇదెవరండీ? నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.”

మిర్యంగ్ కాగితం లాక్కుని చూసింది. నిజమే. కుర్చీ గట్టిగా లాక్కుని కూర్చుని, పత్రిక వాళ్ళకు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.