రాణి చనిపోతూ ఆగిపోయిన ఆదివారం

ఎనిమిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరు వదిలేసుకున్నాం. ఆ తర్వాత బడి బాగుపడిందని విన్నాను. అలాంటి నేను ఒకనాడు యూనివర్సిటీలో అడుగుపెట్టానంటే అది చదువుకోవడానికి కాదు, స్పీకర్లు మోయడానికి. బొగ్గుబావిలో డ్యూటీ, సెలవు రోజుల్లో మైకుసెట్టు. నా డిగ్రీలు ఈ రెండే.

మా బొగ్గు బెల్టులోని ఒక యూనివర్సిటీ కాలేజీలో సినిమా హాలు ఉంది. అక్కడ ఇంగ్లీషు చెప్పే మేడం ఆదివారం సాయంత్రాలు ఉచితంగా ఒపేరా చూపించడం మొదలుపెట్టింది. ఒపేరా అంటే తిట్టుకున్నా, ఏడ్చినా, మంచినీళ్లు అడిగినా పాటలోనే అడిగే పరదేశపు నాటకం. అక్కడ మధ్యాహ్నం ఆట ఆడుతుంటే ఇక్కడ సాయంత్రం మన తెర మీద లైవ్‌లో వస్తుంది. మేడం వాళ్ల నాన్న మా బావిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఆమె చిన్నప్పటి నుంచీ చర్చిలో పాడేది. ఈ ఆటల కోసం ప్రిన్సిపాల్ గది ముందు నెలల తరబడి నిలబడి ఒప్పించిందట.

మొదటి ఆటకు ముగ్గురం వచ్చాం: మేడం, వాచ్‌మన్, నేను. నేను స్పీకర్లు వదిలి పోలేను. వాచ్‌మన్ తాళం వేయకుండా పోలేడు. రెండో ఆటకు వాచ్‌మన్ సెలవు పెట్టాడు.

ఆ రెండో ఆట అయ్యాక స్పీకర్ల వైర్లు చుడుతుంటే ప్రిన్సిపాల్ సార్ వచ్చాడు.

"మేడం, వచ్చే ఆదివారం ఒక్కటే. హాలు సగమన్న నిండాలె. అదీ మొదట్ల కాదు, ఆట అయిపోయినంక చూస్త. ఏసీల చల్లగ కూసొని నడుమల లేసిపోయేటోళ్లను నేను లెక్కల పట్ట. నిండకపోతే హాలు కోచింగ్ పరీక్షలకు ఇచ్చేస్త."

మేడం "సరే సార్" అంది. ఆయన వెళ్లాక తెరను కొంగుతో రెండుసార్లు తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

నన్నెవరూ అడగలేదు. అయినా అన్నాను: "నింపుడు నా మీద మేడం."

"ఎట్ల నింపుతవ్ అన్నా? వాళ్లు పాడేది ఒక్క ముక్క అర్థం కాదు కదా."

"మా ఓవర్‌మన్ తిట్టేది గూడ మాకు సగం సమజ్ కాదు మేడం. షిఫ్టంత వింటలేమా?"

మర్నాడు పొద్దున, బావిలోకి దిగే ముందు హాజరు వేయించుకునే మస్టర్ దగ్గర ప్రచారం మొదలుపెట్టాను.

"ఫ్రీయా? ఎందుకు ఫ్రీ?" అన్నాడొకడు. "ఆధార్ జిరాక్స్ అడుగుతరా?"

"అడగరు."

"సంతకం?"

"వద్దు."

"గట్లయితే ఇందుల ఏదో మోసమున్నది," అని ముగ్గురు హెల్మెట్లు సర్దుకుని వెళ్లిపోయారు.

ఇక లాభం లేదని కాకను పట్టుకుని, మేడం హాలు పోయే సంగతి చెప్పాను. మా గ్యాంగులో అందరికన్నా పెద్దాయన, రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డాడు. వాళ్ల ఊరి భాగోతం మేళంలో ఏళ్లకేళ్లు మద్దెల వాయించిన మనిషి. కాక కదిలితే బస్తీ కదులుతుంది.

"కాకా, పరదేశపోళ్ల భాగోతం. లైవు. రాణి విషం తాగి సస్తది."

"ఎంతసేపు సస్తది?"

"అర్ధగంట."

కాక బీడీ తీసేశాడు. "పాడుకుంటనా?"

"పాడుకుంటనే."

"వస్త."

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. మా షిఫ్టువాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, పెండ్లి నుంచి నేరుగా వచ్చిన అక్కలు, కరెంటు ప్లాంటువాళ్ల కాలనీ జ్యోతినగర్ నుంచి కార్లో వచ్చిన ఒక ఇంజనీరు. ముందు వరుసలో ప్రిన్సిపాల్ సార్, చేతిలో మేడం ఇచ్చిన పూలగుత్తి. మేడం తెర పక్కన నిలబడి ప్రతి అంకానికి ముందు మైకులో కథ చెప్తోంది. రాజుకు రాణి మీద అనుమానం. అంతే కథ. ఆ అనుమానాన్ని రాజు ఇరవై నిమిషాలు పాడాడు.

"ఒక్క మాటను గన్నిసార్లు ఎందుకు చెప్తుండే?" అంది ఒక అక్క.

"పెండ్లాం వింటలేదేమో," అన్నాడు వెనక నుంచి వాళ్లాయన.

రెండు గంటలు గడిచాక రాణి విషం తాగింది. పడింది. లేచి పాడింది. మళ్లీ పడింది, పడుకునే పాడింది. ఆఖరికి గొంతు పైకి, ఇంకా పైకి తీసి, నోరు బార్లా తెరిచి... ఆగిపోయింది. నెట్ పోయింది. గుండ్రటి గుర్తొకటి రాణిగారి ముక్కు మీద గిర్రున తిరుగుతోంది.

మేడం లాప్‌టాప్ మీద పడింది. నేను వైర్లు ఊపి చూశాను. చేతనైంది అదే కదా. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకరిని చూసి ఒకరు లేచారు. ముందు వరుసలోంచి ప్రిన్సిపాల్ సార్ మెడ తిప్పి, తలుపు వైపు పోతున్నవాళ్లను చూస్తూ కూర్చున్నాడు. మేడం వేళ్లు ఒక మీట నొక్కబోయి ఇంకోటి నొక్కుతున్నాయి.

అప్పుడు కాక లేచాడు. ఈయన కూడా పోతున్నాడనుకున్నాను. ఆయన నేరుగా తెర దగ్గరికి నడిచి, భుజం మీది కొత్త తువ్వాల తీసి, మడతపెట్టి, రాణి పాదాల కింద పెట్టి దండం పెట్టాడు. వెనక్కి తిరిగి అరిచాడు:

"ఏడికి పోతుండ్రు? రాణి ఊకెనే ఆగిందా? సదివింపులకు ఆగింది. కూసోండ్రి!"

మా ఊళ్లలో భాగోతం సరిగ్గా కత్తి మెడ మీదికి వచ్చినప్పుడు ఆగుతుంది. చూసేవాళ్లు బట్టో, పండో, తోచింది ఏదో ఇచ్చుకోవాలి. మేళంలో హాస్యగాడు ఇచ్చినవాళ్ల పేరూ ఊరూ గట్టిగా చదవాలి. ఆ తర్వాతే కత్తి దిగుతుంది. ఆ సమయంలో లేచిపోవడమంత నామోషీ ఇంకొకటి లేదు. నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. తలుపు దాటినవాళ్లు తిరిగొచ్చారు.

"సదువురా!" అన్నాడు కాక నాతో.

మైకు అందుకుని కాక పేరు, ఊరు, బస్తీ, తండ్రి పేరు చదివి, "రాణిగారికి ఒక తువ్వాల సదివించిండు, ఆయన వంశం సల్లగుండాలె!" అన్నాను. మాట పూర్తయిందో లేదో, రాణి తెరిచిన నోటితోనే పాట అందుకుంది. హాలంతా ఈలలు.

అయిదు నిమిషాలకు మళ్లీ ఆగింది. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక అక్క పెండ్లిలో పెట్టిన జాకెట్ ముక్క తెచ్చింది. ఒకాయన బిస్కెట్ పాకెట్. ఇంజనీరుగారు పెన్ను. అందరి పేర్లూ చదివాను. నెట్ రాలేదు. హాలు మొత్తం ముందు వరుస వైపు చూసింది. ప్రిన్సిపాల్ సార్ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. లేచి పూలగుత్తిని తువ్వాల పక్కన పెట్టాడు. నాకు తెలిసిన డిగ్రీలన్నీ ఆయన పేరు వెనక తగిలించి చదివాను. నెట్ వచ్చింది. నేనేమీ అనడం లేదు, జరిగింది చెప్తున్నాను.

రాణి తృప్తిగా చనిపోయింది. వెనక వరుసలో ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. లైట్లు వేసేసరికి ఖాళీ కుర్చీలు వెతికితే గానీ కనిపించలేదు.

"వచ్చే ఆదివారం గూడ పెట్టుండ్రి మేడం," అన్నాడు ప్రిన్సిపాల్ సార్. మేడం తల ఊపింది. ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు: "నా పేరెనక పీహెచ్‌డీ సదవకపోతివి."

మర్నాడు మస్టర్ దగ్గర కాకను ఆట పట్టించాను.

"కాకా, ఆడ ఆగింది రాణి కాదు, నెట్టు. ఆమెకు నీ తువ్వాల సంగతే తెల్వదు. హాలు నింపింది నేను, తువ్వాల పోగొట్టుకున్నది నువ్వు."

కాక నా వైపు చూడను కూడా చూడకుండా దీపం బెల్టుకు తగిలించుకున్నాడు.

"నెట్టని నాకు తెల్వదారా? నా మనుమడు రోజుకు పదిసార్లు అదే ఏడుపు ఏడుస్తడు. ఆ మేడం పిల్లకు హాలు పోతుంటె నువ్వు వైర్లు ఊపుకుంట నిలబడ్డవ్. జనాన్ని తోలుకస్తె అయిపోయిందా బిడ్డా? కూసోబెట్టాలె."